రెండు పీఠముల నడుమ బాల్యము

హైదరాబాదు నుండి బొంబాయి రోడ్డున పోయి, రామచంద్రాపురము దాటి, పటాన్‌చెరులో తెల్లవారుజామున నిలిచి చూచువానికి, రాత్రి డ్యూటీ దిగి కన్నులు నులుముకొనుచు గదులకు మరలువారును, పొద్దుటి షిఫ్టునకు టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకొని కంపెనీ బస్సుల కొరకు పరుగెత్తువారును ఒకరి నొకరు ఒరసికొని పోవు దృశ్యము కానవచ్చును. ఆ ఇరుదెగలలో ఒక్కొక్కప్పుడు భార్యాభర్తలును ఉందురు. ఇస్నాపూరు, ముత్తంగి, రుద్రారము, బొల్లారము, కాజిపల్లి మొదలగు చోట్ల వరుసగా కట్టిన కిరాయి గదులలో ఆమె వచ్చుసరికి అతడు పోవుటయు, అతడు వచ్చుసరికి ఆమె పోవుటయు నిత్యకృత్యము. ఇద్దరును లేని నడిమి గంటలలో, బయట గొళ్లెము వేసిన తలుపు లోపల నొక పిల్లయో, ఆ గొళ్లెమును ఎట్లో తప్పించుకొని వీధిలోనికి జారుకొన్న పిల్లవాడో ఉండును. ఆ గంటలలో వారిని కొట్టువారెవ్వరును లేరు, అసలెవ్వరును లేరు.

ఆ పిల్లవాడు ఎనిమిదవ యేట పోలీసుల కంటబడినచో బాలల సంక్షేమ సమితి యెదుటికి వచ్చును; అప్పుడతడు ‘రక్షణ, సంరక్షణ అవసరమైన బాలుడు’. పదునైదవ యేట ఒక సెల్‌ఫోను దొంగిలించియో, కల్లు దుకాణము కడ ఒకని తల పగులగొట్టియో చిక్కినచో బాల న్యాయ మండలి యెదుటికి వచ్చును. అప్పుడతడు ‘చట్టముతో విభేదించిన బాలుడు’. పీఠములు రెండు, ఫైళ్లు రెండు, పేర్లును రెండు. మొదటి ఫైలులోని వ్యథయే రెండవ ఫైలులోని నేరముగా పరిణమించునా, పరిణమించినచో ఎంత తరచుగా, ఏ మార్గమున, బాలురయందును బాలికలయందును ఒకే తీరుననా యనునది గత ఎనుబదేండ్లుగా పలు దేశముల విద్వాంసులు తర్కించుచున్న ప్రశ్న. వారు కనుగొన్న దానిని ఒకచోట చేర్చి, మంజీరా పరీవాహకమందలి ఈ కంపెనీల సీమలో నిలిపి చూచుటకే ఈ ప్రయత్నము.

హింస యనగానే మనకు బెత్తమును వాతలును తోచును. పరిశోధకులు దానిని నాలుగు పాయలుగా విభజింతురు: శరీరహింస, లైంగిక హింస, మాటలచేతను తిరస్కారముచేతను మనస్సును గాయపరచుట, ఉపేక్ష. మొదటి మూడును ఎవరో ఒకరు చేయు పనులు. నాల్గవది మాత్రము ఎవరును చేయని పనుల మొత్తము. వేళకు అన్నము పెట్టకపోవుట, జ్వరము వచ్చినప్పుడు చూడకపోవుట, బడికి పోయెనా లేదా యని అడుగకపోవుట మొదలగు వానికి దెబ్బల గుర్తు లుండవు గనుక సాక్ష్యమును ఉండదు. మన ప్రాంతమునకు సంబంధించినంతవరకు ఈ నాల్గవ దానిని గూర్చియే ఎక్కువ చెప్పవలసి యుండునని ముందే మనవి చేయుచున్నాను.

మొదట ఈ విచారణ వెనుకకు నడచినది. అనగా నేరము చేసి చిక్కిన పిల్లలను కూర్చుండబెట్టి వారి బాల్యమెట్టిదని అడుగుట. 1944లో జాన్ బౌల్బీ యను ఆంగ్ల వైద్యుడు, లండనులోని ఒక బాలల మానసిక చికిత్సాలయమునకు వచ్చిన 44 మంది చిల్లర దొంగల వృత్తాంతములను ప్రకటించి, మమకారమే ఎరుగనివారుగా తాను ఎంచిన 14 మందిలో 12 మంది పసితనమున తల్లికి చిరకాలము దూరమైనవారే యని చూపెను. ఆ వ్యాసము లోకమును కదిలించినది. కాని అందలి దోషము పైకే కనబడుచున్నది. తల్లికి దూరమై, తన్నులు తిని, అయినను దొంగలు కాక గుమాస్తాలో ఉపాధ్యాయులో ఐనవారు ఆ చికిత్సాలయపు గడప తొక్కరు గదా! పగిలిన కుండలను మాత్రమే ప్రోగుచేసి కుమ్మరి చేతిని పరీక్షించుట వంటిది ఈ పద్ధతి.

కావున ముందునకు నడచు పరిశోధన అవసరమైనది. ఆ పనిని పటిష్ఠముగా చేసినవారు అమెరికాకు చెందిన కాథీ స్పాట్జ్ విడమ్. 1967 మొదలు 1971 వరకు ఆ దేశపు మధ్యపశ్చిమమున ఒక నగర ప్రాంతపు న్యాయస్థానములలో, పదునొకండేండ్లకు మించని వయసున హింసకో ఉపేక్షకో గురియైనట్లు రుజువైన 908 మంది పిల్లలను రికార్డుల నుండి ఏరి, వయసునందును లింగమునందును జాతియందును ఇంటి స్థితియందును వారికి సరిపోలు 667 మందిని ప్రక్కన నిలిపి, ఇరువాగులవారును పెరిగి యేమైరో ఆమె వెదకించిరి. 1989లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటితమైన ఫలితము ప్రకారము, హింసోపేక్షలకు గురియైనవారిలో నూటికి 26 మందియు, తక్కినవారిలో నూటికి 17 మందియు బాల్యముననే అరెస్టైరి.

ఈ రెండంకెలను చదువుటలో తొందరపడువారు రెండు తెగలు. తన్నులు తిన్న పిల్లవాడు దొంగ కాక మానడనువారు మొదటి తెగ. వారు 26ను చూతురు గాని, ఏ పోలీసు పుస్తకమునకును ఎక్కక పెరిగిన తక్కిన 74 మందిని చూడరు. రెండవ తెగవారు సంగారెడ్డి పాత బజారులో ఏ అరుగుమీదనైనను దొరకుదురు: ‘మా నాయిన బెల్టుతోని కొట్టెటోడు, గందుకే గిట్ల బాగుపడ్డ’ యనుట వారి వాదము. ఆ 74లో తామున్నందుకు వారు మురియుదురు గాని, 17 కాస్తా 26 అగుటయన సగమునకు మించిన పెరుగుదల యని గ్రహింపరు. విడమ్ ఆ బృందమునే 1994 వరకు వెంబడించి, 2001లో మరల లెక్క చెప్పినప్పుడు, బాల్యమున అరెస్టగు అవకాశము నూటికి 59 వంతులు హెచ్చినట్లు తేలినది. ఈ సీమవారికి ఈ తర్కము క్రొత్తది కారాదు. కంపెనీల వ్యర్థజలము కలిసిన నక్కవాగు ప్రక్కన కాపురమున్న ప్రతివానికిని రోగము రాలేదు. అంతమాత్రమున ఆ నీరు నిర్దోషియని ఆ యూళ్ల రైతులెవ్వరైనను ఒప్పుకొనిరా?

ఆ పరిశోధనలో అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. అది పత్రికలకు అంతగా ఎక్కలేదు. దౌర్జన్యపూరితమైన నేరములకై అరెస్టైనవారిని మాత్రమే వేరుచేసి లెక్కించినప్పుడు, శరీరహింసకు గురియైనవారిలో నూటికి 15.8 మందియు, దేనికిని గురికానివారిలో 7.9 మందియు ఉండగా, కేవలము ఉపేక్షకు గురియైనవారిలో 12.5 మంది యుండిరి. ఎవరిచేతను కొట్టబడని పిల్లవాడు ఇతరులను కొట్టుట నేర్చుకొనుచున్నాడు! దెబ్బ దెబ్బను కనునను సులభ సూత్రము ఇక్కడ చాలదు.

ఈ మార్పు మనసులో ఎట్లు జరుగునో తెలియజేయు ప్రయత్నములు పలు కలవు. 1990లో డాడ్జ్, బేట్స్, పెటిట్ అను మువ్వురు 309 మంది పసిపిల్లలను పరిశీలించి, ఇంట గాయపడిన పిల్లలు ఇతరుల చేష్టలలో లేని ద్వేషమును చూచుట అలవరచుకొందురని తెలిపిరి. త్రోవలో తగిలిన భుజమును తగిలించిన భుజమనియు, ఊరక చూచిన చూపును గుడ్లురిమిన చూపనియు వారు భావింతురు. అబ్జర్వేషన్ హోముకు వచ్చు కొట్లాట కేసులలో ‘ఊకె గుర్రుమని సూసిండు సార్’ అను కారణమును విని నవ్వుకొను కానిస్టేబులు, ఆ పిల్లవాడు అబద్ధమాడుట లేదనియు, వానికి నిజముగనే అట్లు కనబడినదనియు తెలిసికొన్నచో నవ్వును కొంత తగ్గించుకొనును. 2002లో న్యూజీలాండులోని డునెడిన్ నగరపు యువకులను పరీక్షించి, ఒక జన్యువు యొక్క తేడానుబట్టి హింసాఫలితము కొందరియందు ఎక్కువగను కొందరియందు తక్కువగను ఉండుననిన వ్యాసము మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. దానిని ‘నేర జన్యువు’గా ప్రచారము చేసినవారు, హింసలేని ఇంట ఆ జన్యువు దాదాపు నిద్రాణమై యుండెనన్న సగమును విడిచిరి.

న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరు నగరమున 1988లో మొదలై, సుమారు వేయిమంది బడిపిల్లలను వెంబడించిన పరిశోధన ఈ విషయమున నాకు అన్నిటికంటె ఉపకరించినది. థార్న్‌బెర్రీయు ఆయన సహచరులును 2001లో ఒక సూక్ష్మమైన ప్రశ్న వేసిరి: హింస ఏ వయసున జరిగినది? పసితనమున జరిగి, ఆగిపోయిన హింసకును, కౌమారమున జరిగిన హింసకును ఫలితము ఒకటేనా? ఒకటి కాదని తేలినది. బాల్యముననే ముగిసిన హింస కౌమారపు నేరమునకు అంతగా దారితీయలేదు. కౌమారమున జరిగినదియు, బాల్యము నుండి కౌమారము వరకు ఎడతెగక సాగినదియు మాత్రము గట్టి ఫలితమును చూపెను. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యను మన సామెతను నమ్మి, అయిదేండ్లలోపు జరిగినదే తలవ్రాత యనుకొనువారికి ఇది ఆశ్చర్యము గొల్పును. పండ్రెండేండ్లవాడు పెద్దవాడైనాడని చేయి విడిచిపెట్టు కాలముననే చేయి పట్టుకొనవలసిన అవసరము హెచ్చుచున్నది.

ఇక బాలికలు. తొలినాటి పరిశోధనలలో వారు మిక్కిలి తక్కువ. మసాచుసెట్స్ రాష్ట్రమున 232 మంది బాలుర జీవితములను నలువదేండ్లు వెంబడించి, కొట్టబడినవారికంటెను తల్లిదండ్రులచేత తిరస్కరింపబడినవారే అధికముగా నేరములలో దిగిరని 1983లో చెప్పిన జోన్ మెక్‌కార్డ్ గ్రంథసామగ్రిలో బాలిక యొక్కతెయు లేదు. దీనికి సమాధానము సిద్ధముగనే యున్నది: బాలికలు నేరములు చేయుట అరుదు గదా! మన జాతీయ నేర గణాంక సంస్థ 2013 లెక్కలలో దేశమంతట పట్టుబడిన 43,506 మంది బాలలలో బాలురు 41,639, బాలికలు 1,867. అనగా నూటికి నాలుగు పైచిలుకు. ఈ అంకెనుబట్టి బాలికలకు హింసను సహించి నిర్మలముగా నిలుచు శక్తి యేదో సహజముగ కలదని నిర్ణయించుట ఎంత సులభమో అంత ప్రమాదము.

షికాగో నగరపు పేదవాడలలో 1980 ప్రాంతమున పుట్టిన సుమారు 1,500 మందిని పసితనము నుండి వెంబడించిన దీర్ఘ పరిశోధనలో, టోపిట్జెస్, మెర్స్కీ, రేనాల్డ్స్ అనువారు 2011లో బాలబాలికలను విడివిడిగా చూచిరి. హింసకు గురియైన బాలుడు కౌమారముననే నేరములలో కనబడెను. బాలికయందు కౌమారమున చెప్పదగిన తేడా లేదు. కాని ఆమె పెద్దదైన పిమ్మట ఆ తేడా బయటపడెను. విడమ్ వెంబడించిన స్త్రీలలోను దౌర్జన్య నేరములకై అరెస్టగుట కాలక్రమమున హెచ్చినట్లు తెలియుచున్నది. కావున బాలికయందు అప్పు రద్దు కాలేదు, గడువు మాత్రము పెరిగినది. ఆ గడువులో నామె ఏమి చేయుచున్నదో పోలీసు లెక్కలు చెప్పవు. కడుపులో దాచుకొనుట, తన్ను తాను హింసించుకొనుట, చదువు మానుట, ఎవడో మంచిగా మాట్లాడినాడని వాని వెంట వెడలిపోవుట, ఇవి ఏ శిక్షాస్మృతిలోను నేరములు కావు గదా!

అమెరికాలో మెడా చెస్నీ-లిండ్ అను విదుషి 1980ల దశకము నుండి ఈ చివరిదానిని పట్టుకొని వాదించుచు వచ్చినది. ఇంట జరుగు అత్యాచారమునకు ఓర్వలేక పారిపోవు బాలికను ఆ దేశపు న్యాయస్థానములు పారిపోయినందులకే శిక్షించుచుండెను. ఆత్మరక్షణకై చేసిన పని నేరమైనది, ఏ ఇంటి నుండి రక్షణ కావలసెనో ఆ ఇల్లే ఫిర్యాదుదారైనది. మన చట్టమున పారిపోవుట నేరము కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టము పారిపోయిన బిడ్డను రక్షణ అవసరమైనదానిగనే యెంచుచున్నది. ఆచారమున మాత్రము మన పద్ధతి వేరు. ఇక్కడ ‘పిల్ల మిస్సింగ్’ అని కేసు కట్టుదురు, వెదకి తెత్తురు, వెంట నున్నవానిపై అపహరణ కేసును, బాలలపై లైంగిక నేరములకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టము క్రింద కేసును పెట్టుదురు. ఇంటినుండి ఏల వెడలినదను ప్రశ్న ఆ సందడిలో అడుగున పడును. ఆ తరువాత పెద్దలకు తోచు పరిష్కారము పెండ్లి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సయితము, తెలంగాణమున ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో దాదాపు నూటికి ఇరువదినలుగురు పదునెనిమిది నిండకయే పెండ్లియాడినవారు.

బాలికల ఈ కథకు వెనుకవైపున బాలుర కథ మరియొకటి కలదు. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన అధ్యయనము 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను ప్రశ్నించినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమును అందులో నొకటి. ప్రతి మువ్వురిలో నిద్దరు శరీరహింసకు గురియైరి. అట్టివారిలో బాలురే నూటికి 54.68 మంది. నూటికి 53.22 మంది ఏదో యొక విధమగు లైంగిక హింసను ఎదుర్కొనిరనియు, వారిలోను సగమునకు కొంచెము మించి బాలురే యనియు తెలిసి దేశము నివ్వెరపోయినది. ఆంధ్రప్రదేశము ఆ హింస ఎక్కువగా నున్న నాలుగు రాష్ట్రములలో నొకటిగా నిలిచినది. మనము బాలుని నేరమును చూతుము, వాని గాయమును చూడము; బాలిక గాయమును పరువు పేరిట దాచుదుము, ఆమె తిరుగుబాటును దాని పేరున పిలువము. మండలి యెదుట నిలిచిన బాలుని సామాజిక నేపథ్యమును ప్రొబేషన్ అధికారి విచారించి పదునైదు దినములలో నివేదిక యీయవలెనని చట్టమున్నది; అందు హింసకు గురియైనాడా యను ప్రశ్నయు ఉండును. ఆ ప్రశ్నను నోటితో అడిగినచో వచ్చు జవాబు ఎట్లుండునో ఎవరికి తెలియదు? ‘ఇంట్ల కొడ్తరారా?’ అన్నచో, ‘లే సార్, అందరిండ్లల్ల కొట్టినట్టే’ యని వాడు తల వంచుకొనును. అధికారి ‘లేదు’ అని వ్రాసికొనును.

ఇప్పుడు మన సీమకు వత్తము. 1960ల దశకమున రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. వెలసినది, 1972లో పటాన్‌చెరున ఇక్రిశాట్ వచ్చినది, ఆ దశకముననే పారిశ్రామిక వాడకు పునాదులు పడగా, 1980లో ఇందిరాగాంధి మెదకు నుండి లోకసభకు ఎన్నికైన పిమ్మట కంపెనీలు బొల్లారము, కాజిపల్లి, జిన్నారము, పాశమైలారము వరకు వ్యాపించెను. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా యేర్పడునాటికి ఈ నేల రెండు తరముల మార్పును చూచినది. మొదటి తరమువారు బావులు చెడి, పొలములు పడిపోయి, కూలికై గేటు ముందు నిలిచిన స్థానికులు. రెండవ తరమువారు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము, జార్ఖండు, పశ్చిమ బెంగాలు మొదలగు ప్రాంతముల నుండి కాంట్రాక్టరు వెంట వచ్చినవారు. వీరు పల్లెనుండి తెచ్చుకొనలేకపోయిన వస్తువు ఒకటి కలదు. అది ముసలి అవ్వ. తల్లి కైకిలి పోయినను అరుగుమీద కూర్చుండి ముగ్గురిండ్ల పిల్లలను కనిపెట్టు అవ్వ, అడుగకయే అన్నము పెట్టు చిన్నమ్మ, ‘ఎవని కొడుకువురా నువ్వు’ అని గద్దించు ఊరి పెద్ద, ఇవి యేవియు కిరాయి గదుల వరుసలో లేవు. ప్రక్క గదివారి భాషయే వేరు. ఉపేక్ష యనునది పల్లెలో ఒక తల్లి దోషము కావచ్చును; ఇక్కడ అది పండ్రెండు గంటల డ్యూటీకిని, పది అడుగుల గదికిని పుట్టిన బిడ్డ. దీనిని మరచి పరిశోధకుల ‘ఉపేక్ష’ను తెచ్చి తల్లి నెత్తిన వేయుట అన్యాయమని నా దృఢమైన అభిప్రాయము.

కాని దోషమంతయు షిఫ్టుల మీద మోపుటయు సత్యము కాదు. 2019–21 నాటి ఆ కుటుంబ ఆరోగ్య సర్వేయే చెప్పినట్లు తెలంగాణమున పదునైదేండ్లు పైబడిన పురుషులలో నూటికి 43 మంది మద్యము సేవింతురు. వివాహితలలో నూటికి సుమారు 37 మంది భర్త చేతి హింసను చవిచూచినవారు. తల్లిని కొట్టుట చూచిన పిల్లవాడు తాను దెబ్బ తినకున్నను తిన్నవాడే. మెదకు, నిజామాబాదు ప్రాంతముల కల్తీ కల్లు కథయు అందరికిని తెలిసినదే. నిద్రమాత్రల మందు కలిపిన ఆ కల్లు 2015లో ఒక్కసారిగా ఆగినప్పుడు, దానికి బానిసలైనవారు పిచ్చిచూపులతోడను మెలికలు తిరుగు మెడలతోడను ఆసుపత్రులలో బారులు తీరిరి. అట్టి తండ్రి సాయంకాలము కొట్టును, రాత్రి పడిపోవును, ఉదయము ఏమియు గుర్తులేదనును. పిల్లవానికి దెబ్బయొక్క కారణము ఏనాటికిని తెలియదు. ఏ తప్పునకు ఏ దండనయో తెలిసిన ఇంటను, ఎప్పుడు ఏల పిడుగు పడునో తెలియని ఇంటను పెరిగినవారికి నడుమ భేదము చాల గలదు.

రాచెస్టరువారి మాటను ఇక్కడ మరల తలంపవలెను. ఈ సీమలో పండ్రెండు నుండి పదునైదేండ్ల బాలుడే ఎవరికిని చెందనివాడు. ఆరేండ్లలోపు వానికి పేరునకైనను అంగన్‌వాడి యున్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారమున ఆరేండ్లలోపు పిల్లలకు శిశుగృహము నడుపవలెననినది. 2017 నాటి ప్రసూతి చట్ట సవరణ ఏబదిమంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకును ఆ బాధ్యతను చెప్పినది. స్త్రీలను కాంట్రాక్టర్ల పద్దులలో ముక్కలుగా పంచి చూపినచోట ఆ ముప్పది ఎన్నటికిని నిండలేదు; ఆ సంగతి అటుంచుడు. ఆరేండ్లు నిండినవాని సంరక్షణ మాట ఏ కర్మాగార చట్టమునందును లేదు. ఒడిశాలోని బలంగీరు, నువాపడా జిల్లాల నుండి ఇటుక బట్టీలకు వచ్చువారి పిల్లలకు బడి మాధ్యమమే పరభాష. అట్టివాడు పంక్చరు దుకాణముననో దాబాలోనో పనికి కుదురును, లేదా తుక్కు ఏరును. ప్రహరీ ప్రక్కన పడియున్న ఇనుప ముక్కకును, ప్రహరీ లోపలనున్న రాగి తీగకును భేదమును వానికి చెప్పువాడు లేడు. రెండింటిని ఒకే త్రాసున తూచి కొను తుక్కు సేఠు మాత్రము ఉన్నాడు. వానికి వైట్‌నర్ పీల్చుటయో, కిళ్లీ డబ్బాలో చాటుగా అమ్ము గంజాయి చాక్లెట్టో పరిచయము చేయువాడును ఆ సందులలోనే యున్నాడు. తుట్టతుదకు పట్టుబడువాడు పదునాలుగేండ్లవాడు.

నేర గణాంక సంస్థ 2013 లెక్కలోనే, పట్టుబడిన బాలలలో 35,244 మంది తల్లిదండ్రులతో కలిసియున్నవారని కలదు. వీధిబాలలే నేరస్థులగుదురను మన నమ్మకమునకు ఇది గొడ్డలిపెట్టు. ఇల్లున్నది, తల్లిదండ్రులున్నారు, ఉన్నారన్నంత మాత్రమున ఆ పిల్లవానికి ఉన్నారా యనునది ఏ పట్టికలోను లేని ప్రశ్న. ఇక నిజముగనే లేకపోయినవారి సంగతి. 2025 జూన్ 30న పాశమైలారమున ఒక ఔషధ కర్మాగారమున జరిగిన విస్ఫోటమున ఏబదిమందికి పైగా మరణించిరి. వారిలో ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు ఎక్కువ. పరిహారపు సొమ్ము లెక్కలు పత్రికలలో వచ్చినంతగా, ఆ ఇండ్లలోని పదేండ్ల పిల్లలు ఎవరి చేతిలో పెరుగుచున్నారను వార్త రాలేదు.

మార్గమేమని అడుగువారికి సాక్ష్యము కొంత కలదు. ఆ షికాగో పరిశోధనకే మూలమైన శిశు-జనక కేంద్రములలో పసితనమున చదివి, తల్లిదండ్రులతో సహా ఆ కేంద్రముల సహాయము పొందినవారిలో బాల్యపు అరెస్టులు నూటికి 16.9 కాగా, పొందనివారిలో 25.1, హింసోపేక్షల ఫిర్యాదులు మొదటివారిలో నూటికి 5, రెండవవారిలో 10.5. హింసయు నేరమును ఒకే ఔషధమునకు తగ్గుట గమనింపదగినది. మనకు దగ్గరలోనే, ఈ సీమను ఆనుకొనియున్న రంగారెడ్డి జిల్లాలో, 1991 నుండి శాంతా సిన్హా నడపిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను, బడికి పోని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యను సూత్రముతో వేలాది పిల్లలను పనినుండి శిబిరములకును, శిబిరములనుండి బడులకును చేర్చినది. నేరనివారణ వారి లక్ష్యముగా చెప్పుకొనినది కాదు. కాని పండ్రెండేండ్లవాని పగటి గంటలను ఒక పెద్దమనిషి కనుసన్నలోనికి తెచ్చుటకంటె నేరనివారణ మేమి కలదు? ఇంటినుండి తీసి ప్రభుత్వ గృహమున నుంచుట మాత్రము తొందరపడదగినది కాదు. ఇల్లినాయిస్ రాష్ట్రమున రయన్, టెస్టా యనువారు 2005లో చూపినట్లు, సంరక్షణ పేరిట ఇల్లిల్లు మార్చబడిన బాలురలో నేరము మరింత పెరిగినది. బాలికలలో ఆ తేడా కనబడలేదు.

మన చట్టము ఈ విషయమున ప్రజలకంటె ముందున్నది. 1986 నాటి చట్టము ‘ఉపేక్షిత బాలుని’ ఒక వైపును, ‘అపరాధ బాలుని’ ఒక వైపును నిలిపి, బాలునికి పదునారు, బాలికకు పదునెనిమిది యని వయసును సయితము వేరుచేసినది, 2000 నాటి చట్టము ఇరువురికిని పదునెనిమిదిగా సమము చేసినది. 2012 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరము తరువాత వచ్చిన 2015 చట్టమును గూర్చి లోకమున జరిగిన చర్చయంతయు, పదునారేండ్లు దాటినవానిని పెద్దవానివలె విచారింపవచ్చునా యను ఒక్క విషయము మీదనే. ఆ కోలాహలములో, అదే చట్టపు 8వ సెక్షనులో, చట్టముతో విభేదించిన బాలుడు అదే సమయమున రక్షణ అవసరమైన బాలుడును కావచ్చునని గుర్తించి, ఏ దశలోనైనను మండలి వాని సంగతిని సమితికి పంపవచ్చుననియు, రెండు పీఠములును కలిసి పూనుకొనవలెననియు వ్రాసిన వాక్యమును చదివినవారు అరుదు. ఎనుబదేండ్ల పరిశోధనాసారము ఆ ఒక్క వాక్యములో ఇమిడియున్నది. దానిని వాడుటకు కావలసినది, ఆ దినమున మండలి యెదుట నిలిచినవాని ముఖమును చూచుచు ‘వీడు అయిదేండ్ల క్రిందట ఎక్కడ నుండెను?’ అని అడుగు ఓపిక.

బాలికను గూర్చి అట్టి ప్రశ్న అడుగు అవసరము కూడ రాదు, ఆమె మండలి వరకు వచ్చుటయే అరుదు గనుక. లింగంపల్లి స్టేషనులో ప్లాట్‌ఫారము చివర ఒంటరిగా కూర్చున్న పదునాలుగేండ్ల పిల్ల తప్పిపోయిన పిల్లలను వెదకు ఆపరేషన్ ముస్కాన్ దళమునకు కనబడినప్పుడు, ఆమె పేరు, ఊరు, తండ్రి ఫోను నెంబరు అడిగి వ్రాసికొందురు. సాయంకాలమునకు తండ్రి వచ్చును. అతని ఆధార్ ప్రతిని జతపరచి, వ్రేలిముద్రయో సంతకమో తీసికొందురు. ‘ఇంటికి పోతవా బిడ్డా?’ యని మహిళా కానిస్టేబులు అడుగును. తండ్రి ఎదుటనే అడుగును. పిల్ల నేలచూపు చూచి తల ఊపును. ఆమె పేరున్న వరుసలోని చివరి గడిలో ‘తల్లిదండ్రులకు అప్పగించడమైనది’ అని వ్రాసి, తేదీ వేయుదురు.